కొండ కింద మా అమ్మ

నా చిన్నప్పుడు సీనరీ గీయమంటే మా క్లాసులో అందరమూ ఒకే బొమ్మ గీసేవాళ్ళం. రెండు ముక్కోణపు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కిందికి పారే ఏరు, ఒడ్డున పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు. మేముండేదేమో మస్కట్ శివార్లలోని అల్ హైల్‌లో. మిద్దె ఎక్కితే కనిపించేవి గడ్డిపోచ కూడా లేని రాతికొండలు. అయినా మా బొమ్మల్లో మాత్రం ఏరు ఎప్పుడూ ఎండేది కాదు.

మా నాన్న రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు. కడప నుంచి వచ్చిన మా అమ్మ, మా వీధి చివర ఉండే కొరియా ఇంజనీరు ఇంట్లో పనిచేసేది. ఆ ఇంజనీరు తల్లిని నేను అవ్వా అని పిలిచేదాన్ని. బడి వదిలాక అమ్మ డ్యూటీ అయ్యేదాకా అవ్వ గదే నా ఇల్లు. ఆ గోడల నిండా అవ్వ నల్ల సిరాతో వేసిన కొండలు. రంగులుండవు, సగం కాగితం తెల్లగానే ఉంటుంది. పాపం, అవ్వకు రంగులు కొనిచ్చేవాళ్ళు లేరేమో అనుకునేదాన్ని.

ఆ ఏడు మా టీచర్ ఒక మాట చెప్పింది. బాగున్న బొమ్మలు బడి హాల్లో గోడకు పెడతారట, ఆ పిల్లల అమ్మానాన్నలు వచ్చి బొమ్మ పక్కన నిలబడాలట. మా అమ్మ ఏనాడూ బడి గేటు దాటి లోపలికి రాలేదు. ఇంగ్లీషు మాట్లాడే అమ్మల మధ్య తనకేం పనని బయటే నిలబడేది. నాకు ఆ గేటు మీద చెప్పలేనంత కోపం. అమ్మను లోపలికి రప్పించాలంటే నా బొమ్మ గోడెక్కాల్సిందే.

ఒళ్ళు దగ్గర పెట్టుకుని సీనరీ గీసి అవ్వకు చూపించాను. అవ్వ కొండల మీద వేలు పెట్టి అమ్మతో ఏదో అంది. వాళ్ళిద్దరి భాష సగం అరబ్బీ, సగం చేతులు. అమ్మ ఇల్లు తుడవడం ఆపి పకపకా నవ్వింది.

"యాడుండాయి పాపా ఈ కొండలు? నువ్వెప్పుడన్నా సూసినావా అని అడగతాండాది అవ్వ."

నాకు ఏడుపొచ్చింది. అందరూ అలాగే గీస్తారు కదా! అప్పుడు అవ్వ కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. పూర్వం వాళ్ళ చిత్రకారులు కూడా తాము చూడని పక్కదేశపు కొండలనే, బొమ్మల్లో చూసి గీస్తూ ఉండేవారట. తర్వాత కొందరు చేతికర్ర పట్టుకుని సొంత కొండలెక్కి, కళ్ళారా చూసొచ్చి గీయడం మొదలుపెట్టారట. "అప్పుట్నించే వాళ్ళ కొండలు వాళ్ళకు దక్కినాయంట," అని అమ్మ తన పద్ధతిలో ముగించింది.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం అవ్వ నన్ను మిద్దె మీదికి తీసుకెళ్ళేది. కాగితం లేదు, పెన్సిల్ లేదు. ఊరికే చూడడమే. మొదట విసుగొచ్చింది. చూడగా చూడగా దగ్గరి కొండ నల్లగా, దాని వెనకది పలచగా, ఆ వెనకది పొద్దుగూకే వేళ మసకలో కలిసిపోతూ కనిపించసాగాయి. ఆ బోడికొండలు అందమైనవని నాకెవరూ చెప్పలేదు, నాకే తెలిసింది.

ఒకరోజు అవ్వ నన్ను కొండల వైపు వీపు పెట్టి కూర్చోమంది. రాతి మీద నీళ్ళు వేసి సిరాకడ్డీ అరగదీసి కుంచె చేతికిచ్చింది. మనసులో ఏం మిగిలిందో అదే గీయాలి. తెల్లగా ఉన్నచోట నింపబోతే కుంచె వెనకకొనతో నా మణికట్టు మీద తట్టేది. మసకను గీయనక్కర్లేదు, వదిలేస్తే అదే ఉంటుంది. చివరికి కొండ కింద బియ్యపుగింజంత మనిషిని పెట్టాలి, అది వాళ్ళ ఆనవాయితీ. ఎవరిని పెట్టాలో నా ఇష్టానికే వదిలింది. తలెత్తితే ఎదురుగా అమ్మ బట్టలు ఆరేస్తోంది. రోజూ చేతిసంచితో పనికి నడిచొచ్చే అమ్మను పెట్టాను.

టీచర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సగమే గీశావు, పూర్తిచేసి తీసుకురా అంది. పూర్తయింది మిస్, అది సాయంత్రపు మసక, మిద్దె మీద నుంచి చూడండి అన్నాను. ఆవిడ బొమ్మ తన దగ్గరే ఉంచుకుంది. రెండో రోజు పొద్దున చూస్తే నా బొమ్మ గోడ మీద ఉంది.

అమ్మ పెట్టె అడుగునున్న పట్టుచీర కట్టుకుంది. అవ్వ చెయ్యి పట్టుకుని గేటు దాటింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, ఆ బియ్యపుగింజను, దాని చేతిలో సంచిని కనిపెట్టింది. ఎవరో హిందీలో, ఇది ఎవరు వేశారని అడిగారు. అమ్మ హాలంతా వినపడేలా అచ్చం కడప మాటల్లోనే చెప్పింది.

"మా పాప గీసింది. ఆ కొండ కింద నడస్తాండేది నేనే!"

ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. అదే అల్ హైల్‌లో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. కొత్తగా వచ్చే ప్రతి పిల్లా ముక్కోణాల కొండలే పట్టుకొస్తుంది. నేను నవ్వుకుని మిద్దె మీదికి తీసుకెళతాను. నా సొంత బొమ్మ మొదలుపెట్టినప్పుడు మాత్రం అవ్వ పద్ధతి తిరగేస్తాను. ముందు సంచి పట్టుకున్న ఆవిడను పెడతాను. కొండ ఎంత ఎత్తుండాలో ఆవిడను చూశాకే నా చేతికి తెలుస్తుంది.