‘వసంతం’ అంటించిన బకెట్టు

మా సందులో ప్యాంటు పొడవైనా, నడుము పెరిగినా, జిప్పు మొరాయించినా అందరూ వెళ్లేది పీయున్ దగ్గరికే. తైనాన్ ఊళ్లో పడమటి బజారు వెనక, ఎండురొయ్యల కొట్టుకూ దేవుళ్లకు కాల్చే పూజాకాగితాల కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఆ దుకాణంలో ఒక కుట్టు మిషను, ఒక నిలువుటద్దం, ఒక బల్ల, ఒక సముద్రం ఉంటాయి. సముద్రం పొడవు బల్లలో సగం. మిగిలినవన్నీ ఊరివాళ్ల కోసం. సముద్రం మాత్రం ఆమె తన కోసం పెట్టుకున్నది. ఇతరుల బట్టలు సరిచేస్తూ జుట్టు నెరిసిన మనిషికి తనదంటూ ఒక వస్తువు ఉండటంలో విపరీతమేమీ లేదని సందులో పెద్దలు చాలా కాలం ఆలోచించి ఒప్పుకున్నారు.

ఆ సముద్రానికి మూలం ఒక ప్యాంటు. చేపల తొట్టెలు అమ్మే హ్వాంగ్ కురచ చేయమని ఇచ్చిన ప్యాంటును తీసుకువెళ్లడానికి వస్తూ, చేతిలో నీళ్లసంచి ఒకటి పట్టుకొచ్చాడు. సంచిలో రాతిముక్క, దాని మీద ఆకుపచ్చ, నారింజ రంగుల్లో గుండ్రంగా ఏవో మెరుస్తున్నాయి.

“ఏంటవి?” అంది పీయున్.

“గుండీలు.”

“గుండీలా? ఎన్ని బెజ్జాలు?”

“ఒక్కటే అక్కా. అది నోరు.”

పీయున్ మిషను ఆపి మరీ నవ్వింది. గుండీ పగడాలన్నది ఆ వ్యాపారంలో వాటి అసలు పేరేనని, తాను హాస్యమాడలేదని హ్వాంగ్ ప్రమాణం చేశాడు. ప్రాణమున్న గుండీలు లోకంలో ఉండగా ఒక దర్జీ చూస్తూ ఊరుకోవడం ధర్మం కాదనిపించిందో ఏమో, నెల తిరక్కుండా తొట్టె వచ్చింది, ఉప్పునీళ్లు వచ్చాయి, నీలం దీపం వచ్చింది.

హ్వాంగ్ నిజాయితీపరుడు. అమ్మేముందే చెప్పాడు. “ఇవి కరవవు, కుట్టవు. కానీ వీటిలో విషముంది. కోసినా, గీరినా ఆ రసం కంట్లో పడకూడదు, పుండుకు తగలకూడదు, నోట్లోకి పోకూడదు. ఇంకోటి, రాయి మురికైంది కదా అని ఎన్నడూ మరిగే నీళ్లు పొయ్యకు. ఆ ఆవిరి పీల్చావంటే ఆసుపత్రే.”

“కొంచెం విషమా, ఎక్కువ విషమా?”

“నీకు అవసరమైన దానికంటే ఎక్కువే.”

ఇంకొకరైతే తలూపి మరిచిపోయేవారు. పీయున్ వేళ్లు చూసుకుంది. రోజంతా సూదిపోట్లు పడే వేళ్లు అవి. ఆ తర్వాత తన నాలుక సంగతి తలచుకుంది. దర్జీ అన్నవాడు సూదిలోకి దారం ఎక్కించే ముందు దారం కొసను నాలుకతో తడుపుతాడు. మెలకువ కూడా అక్కరలేని అలవాటది. వేళ్లకు అంటిన విషం ముందు దారానికి, తర్వాత నాలుకకు చేరడానికి అంతకంటే రాచబాట లేదు. వృత్తి మొదలుపెట్టిన నాటి నుంచి ఉన్న ఆ అలవాటును పీయున్ మానేసింది. మిషను పక్కన తడి స్పాంజి ఒకటి చేరింది. మందు మానలేక, జూదం మానలేక బోధిసత్వుల ముందు మోకరిల్లిన మగవాళ్లు మా సందులో చాలామంది ఉన్నారు. నాలుక మానేసిన మనిషి ఈవిడ ఒక్కతే.

పగడాలు పెరిగిపోయి కత్తిరింపు వేసే రోజున, దుకాణమూ ఇల్లూ ఒకటే అయిన ఆ చోట ఒక క్రతువు జరిగేది. ముందు వేళ్లు నిమ్మరసంలో ముంచేది. ఎక్కడైనా చుర్రుమంటే సూది గుచ్చుకున్న చోటు మానలేదని అర్థం. ఆ రోజుకు క్రతువు రద్దు. చుర్రుమనకపోతే మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్లకు ఈతకొట్టేవాళ్ల అద్దాలు. తొట్టెలో నీళ్లు చిమ్మే మోటార్లు ఆపేది. రాతిని బయటికి తీసి గాలిలో కోసేది కాదు, బేసిన్‌లో ఉప్పునీళ్ల అడుగునే కోసేది. రసం ఎగిరి ముఖాన పడకుండా అదొక జాగ్రత్త. దర్జీ ఇంట్లో గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోసినందుకు పెళ్లిళ్లు పెటాకులైన కథలున్నాయి కదా, ఈవిడ పగడాలకు వేరే కత్తెర పెట్టి పిడికి ఎర్రదారం చుట్టింది. పని అయ్యాక తొడుగులు చేతికి ఉండగానే కడిగి, ఆ తర్వాతే విప్పేది. బేసిన్‌నూ కత్తెరనూ బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టేది. ఇదంతా జరిగేటంత సేపు భర్త చిన్‌ఫా వీధి గుమ్మంలో నిలబడి, లోపల ఆపరేషన్ జరుగుతున్నట్టు వచ్చినవాళ్లకు సైగలు చేసేవాడు.

చిన్‌ఫాది మంచి చెయ్యి. ఏటా కొత్త సంవత్సరం ముందు సందులోని గుమ్మాలన్నిటికీ ఎర్రకాగితం మీద కుంచెతో మంగళవాక్యాలు రాసిచ్చేది అతనే. వెన్నెముక సంగతి వేరు, అది అక్క ముందు నిలవదు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే, పెళ్లి మానుకుని, చక్కెర మిల్లు ఆఫీసులో ఉద్యోగం చేసి, అతన్ని పెంచింది అక్క పావ్‌చూ. ఆ పేరుకు ‘విలువైన ముత్యం’ అని అర్థం. ఉద్యోగ విరమణ చేసి ఆవిడ తమ్ముడింటికి వచ్చిన రోజునే, ముత్యానికీ పగడానికీ పొసగదని సందంతటికీ అర్థమైంది.

“పితృదేవతల పీటకు ఎదురుగా విషం పెట్టుకుంటారా ఎవరైనా?” అంది పావ్‌చూ, తొట్టెను చూపిస్తూ.

“నీళ్లు సిరి అంటారు కదా వదినా,” అంది పీయున్.

“నీళ్లు సిరే. అందులో ఉన్నదేమిటే?”

నెలల తరబడి వాదన నడిచాక పావ్‌చూ తీర్పు చెప్పింది. సంవత్సరం ఆఖరి రోజున అందరూ కలిసి కూర్చుని తినే భోజనం లోపల తొట్టె ఇల్లు దాటాలి. పీయున్ ఒక అవకాశం అడిగింది. తొట్టెలో తవిటి రంగు గుండీలు కలుపులా పెరిగి ఒక పెద్దరాతిని కమ్మేశాయి. అందం లేనివి, విషం ఎక్కువున్నవి అవే. ఆ రాతిని తీసేస్తుంది, మిగిలినవి అలంకారంగా ఉంటాయి, వదిన చూసి అప్పుడు చెప్పాలి.

“చూస్తాను,” అంది పావ్‌చూ. చక్కెర మిల్లులో ఆ మాటకు ‘లేదు’ అని అర్థమట. అయినా పీయున్ ఆశ పెట్టుకుంది.

రాతిని తీయడం క్రతువు ప్రకారమే జరిగింది. మూతగల బకెట్టులో ఉప్పునీళ్లలో ముంచి, వెనక వసారాలో పెట్టింది. తర్వాతి పని బ్లీచింగ్. అయితే అవి సంవత్సరాంతపు రోజులు. కొత్తబట్టల వాళ్లు గుమ్మం విడిచి పోవడం లేదు. బయటినుంచి ఒకామె, “పీయున్, నా గౌను జిప్పు ఊడి వీధిలో నిలబడ్డానే తల్లీ!” అని కేక పెట్టింది.

“ఏమయ్యా, ఆ బకెట్టు మీద ‘విషం’ అని పెద్ద అక్షరం రాసి అంటించు. మీ అక్క పండగకు ఇల్లు దులపడం మొదలుపెట్టింది,” అని భర్తకు చెప్పి పీయున్ పరిగెత్తింది.

చిన్‌ఫా కుంచె తడిపాడు, ఆగిపోయాడు. ఎర్రకాగితం మీద, పండగ ముందు, విషమా? ఆ అక్షరం ఇంట్లోకి రావడం కంటే తను బయటికి పోవడం నయమంటుంది అక్క. పోనీ తెల్లకాగితం? ఇంట్లో ఎవరో పోయారని సందంతా వచ్చి కూర్చుంటుంది. కాసేపు కుంచెను గాలిలో ఊగించి, చివరికి తన జీవితంలోకెల్లా తెలివైన ఆలోచన చేశాననుకున్నాడు. ఎర్రకాగితం మీద ముచ్చటగా ‘వసంతం’ అని రాసి అంటించాడు.

మా రాతలో మాటకొక అక్షరం, మా భాషలో వసంతమన్నా మిగులన్నా పలుకు ఒకటే. అందుకే ఏటా బియ్యపు డబ్బాలకు ఆ మాట అంటిస్తాం, తిన్నా తరగకూడదని. అది అంటించిన పాత్ర నిండుగా ఉందని లెక్క, పండగ దాకా ఎవరూ దాన్ని కదపరు. చిన్‌ఫా తర్కం అంతవరకు బాగానే ఉంది. లోపం ఒక్కటే. ‘వసంతం’ అంటించిన పాత్ర శుభ్రంగా ఉండాలని అతని అక్క తర్కం.

మర్నాడు పొద్దున్నే పావ్‌చూ వసారా దులపడానికి వెళ్లింది. పెయింటు మరకల బకెట్టు. దాని మీద తమ్ముడి చేతిరాత, ‘వసంతం’. మూత తీస్తే నాచు పట్టిన రాయి, పాచి వాసన. కొత్త సంవత్సరానికి ఇదా ఈ ఇంటి మిగులు! నీళ్లు పారబోసి, రాతిని స్నానాలగదిలో నేల మీద పెట్టి, చీపురు తెచ్చి, కెటిల్ నిండా నీళ్లు మరిగించి పోసింది.

మిషను దగ్గరున్న పీయున్ ముక్కుకు వాసన తగిలింది, పోటు వెనక్కి తగ్గిన ఒడ్డును ఎవరో కూర వండుతున్నట్టు. కాజా కుట్టడం సగంలో వదిలేసి లేచింది. గది తలుపు తీసి ఉంది, లోపల పొగలాంటి ఆవిరి, అందులో వంగి చీపురుతో రుద్దుతున్న వదిన. పీయున్ ఊపిరి బిగబట్టి, వెనకనుంచి కాలరు పట్టుకుని ఆవిడను బయటికి లాగి, తలుపు మూసి అరిచింది. “చస్తావు వదినా! బయటికి నడు!”

పావ్‌చూ నిర్ఘాంతపోయింది. కాలరు పట్టుకున్నందుకు కాదు. “పండగ నెలలో ఆ మాట నోటితో అన్నావా! దోషం పోవాలంటే ఉమ్మెయ్! ముందు ఉమ్మెయ్!”

“వీధిలో ఉమ్ముతాను, పద!”

అలా ఇద్దరూ వీధిలోకి వచ్చారు. గౌను తీసుకువెళ్లడానికి వచ్చిన జిప్పు ఆమె, చిన్‌ఫా, ఇద్దరు బేరగాళ్లు కూడా వచ్చారు, పీయున్ ఎవరినీ లోపల ఉండనివ్వలేదు. సందు సందంతా చేరి, చావు మాట అన్నదెవరు, పడ్డదెవరు, దోషం ఎవరికి తగులుతుందని శాస్త్రచర్చ మొదలుపెట్టింది. పీయున్ వినలేదు. వదిన చేతులూ ముఖమూ పంపు కింద కడిగించింది, కళ్లలోకి చాలాసేపు నీళ్లు పోసింది. తడిసిన పై చొక్కా విప్పించి, ఎవరి కోసమో కుట్టి ఉంచిన కోటు ఒకటి తొడిగింది. టాక్సీ ఆపింది.

“నాకేం కాలేదే!” అంది పావ్‌చూ టాక్సీలో. వంతెన దాటాక, “నోట్లో నాణెం పెట్టుకున్నట్టుందేమిటి?” అంది. ఆసుపత్రి గుమ్మం దగ్గర వణుకు మొదలైంది. ఛాతీ పట్టేసినట్టుందని ఇంక దాచలేదు.

అత్యవసర విభాగంలో యువడాక్టరుతో పీయున్ ఒక్క మాట వృథా చేయలేదు. గుండీ పగడం, విషమున్న తవిటి రకం, మరిగే నీళ్లు పోశారు, ఆవిరి పీల్చారు, పీల్చి ఇంతసేపైంది. అలాంటి కేసు నేనెప్పుడూ చూడలేదని డాక్టరు ఒప్పుకుని, విషాల విభాగానికి ఫోన్ చేసి మాట్లాడుతూనే ప్రాణవాయువు పెట్టించాడు. దీనికి విరుగుడు మందంటూ లేదని, ఊపిరినీ గుండెనూ కనిపెట్టుకుని ఉండాలని, వెంటనే తీసుకురావడం మంచిదైందని చెప్పాడు. దగ్గుతున్న పీయున్‌ను కూడా పక్క మంచం మీద కూర్చోబెట్టాడు.

ఆ మంచం మీద కూర్చునే పీయున్ హ్వాంగ్‌కు ఫోన్ చేసింది. “తొట్టె తీసుకుపో తమ్ముడూ. అన్నీ. దీపంతో సహా.” అంతకంటే ఏమీ అనలేదు. వదిన కళ్లు మూసుకుని ఉంది, అంటే వింటోందని అర్థం.

స్నానాలగది తలుపును పీయున్ మర్నాటి వరకు తీయనివ్వలేదు. బయటివైపు కిటికీ మాత్రం సందు వైపునుంచి తెరిపించింది. అన్నీ చల్లారాక లోపలికి వెళ్లింది, ఇంట్లో కుట్టిన గుడ్డముసుగుతో కాదు, రంగులు చల్లేవాళ్లు ముక్కుకు బిగించుకునే డబ్బాల ముసుగుతో. రాతి మీద, గచ్చు మీద, చీపురు మీద బ్లీచింగ్ నీళ్లు పోసి నాననిచ్చింది. కోసినన్నాళ్లూ నీళ్లలో కోసింది, ఇప్పుడు చల్లగా చంపింది, నిదానంగా కడిగింది. మేమంతా వీధిలో నిలబడి, దేవుడి ఊరేగింపును చూసినంత భక్తిగా చూశాం.

సంవత్సరం ఆఖరి రోజున పావ్‌చూ ఇంటికి వచ్చింది. పీయున్ పాలచేప గంజి వండి పెట్టింది. హ్వాంగ్ ఖాళీ పెట్టెలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తొట్టెలో ఆకుపచ్చ, నారింజ గుండీలు విచ్చుకుని ఉన్నాయి.

పావ్‌చూ గంజి తాగింది. మూతి తుడుచుకుంది. “ఒరే చిన్‌ఫా, ‘విషం’ అని రాయమని ఇది చెప్పిందా లేదా?”

“చెప్పింది అక్కా.”

“నువ్వేం రాశావు?”

చిన్‌ఫా నేల చూశాడు. “నీకు భయపడి…”

“నాకు భయపడి నన్నే చంపబోయావు.” ఆ మాట ఆవిడ నోట్లోంచే వచ్చింది, ఆవిడ గమనించలేదు, ఉమ్మమని అనే ధైర్యం ఎవరికీ లేదు. “చెప్పిన మనిషి ఇంట్లోనే ఉంది, ఆ మాట రాయకుండా చేసింది నేను. హ్వాంగ్, పెట్టెలు తీసుకెళ్లు. మరదలి గుండీలు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.” తమ్ముడి వైపు తిరిగింది. “కుంచె తీయ్. ఎర్రకాగితమే. పెద్దగా రాయి.”

చిన్‌ఫా రాశాడు. అక్షరం బాగా కుదిరింది. జిగురు పూసి, అలవాటు ప్రకారం కాగితాన్ని తలకిందులు చేశాడు. పండగకు ‘భాగ్యం’ అయినా ‘వసంతం’ అయినా అలాగే అంటిస్తాం. తలకిందులంటే ‘వచ్చేసింది’ అని, ఆ రెంటికీ పలుకు ఒకటే.

“నిలువుగా అంటించరా వెధవా!” అని పావ్‌చూ లేచి నిలబడింది. “అది ఒకసారి వచ్చి వెళ్లింది చాలు.”

పీయున్ అప్పుడు నవ్వింది, గుండీలకు బెజ్జం ఒక్కటేనని విన్న రోజున నవ్వినట్టు. ఏటా మా సందులో గుమ్మాల మీద భాగ్యాలూ వసంతాలూ తలకిందులుగా వేలాడుతుంటాయి. ఆ ఇంటి వసారాలో బకెట్టు మీద మాత్రం ఒక అక్షరం తిన్నగా నిలబడి ఉంటుంది. జిగురు పూసేది చిన్‌ఫా, వంకర ఉందో లేదో కొలబద్ద పెట్టి చూసేది పావ్‌చూ.