పద్నాలుగో బోరు

నేను చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి. అయినా ఖనిజాల అన్వేషణలో డ్రిల్లరుగా ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేసి నూట అరవై బోర్లు దించాను. ఈ సీతారామయ్య మిషన్లో రాడ్డు విరిగిందన్న మాట ఎవరూ వినలేదు. ఇంగ్లీషు అక్షరాలు చూసి నేర్చుకుని, ఏ లోతులో ఏం తగిలిందో రాసే బోరు షీట్లు నేనే నింపేవాణ్ణి. కొట్టివేత ఉండేది కాదు, ఏమీ తగల్లేదని గడిలో పెట్టే అడ్డగీత కూడా స్కేలు పెట్టే గీసేవాణ్ణి. జియాలజిస్టు కేశవరావుగారు కొత్తవాళ్లకు నా షీట్లే చూపించేవారు.

ఇప్పుడు దేశ రాజధానిలో, జనక్‌పురిలో మనవరాలు వర్షిణి దగ్గర ఉంటున్నాను. సాకేత్‌లో ఆమె ఆఫీసు పనంతా ప్రాజెక్టుల పర్యావరణ అనుమతులే. ఒక ఆదివారం తన ఫోను నా చేతిలో పెట్టింది.

"తాతయ్యా, యే దేఖో! నీ సంతకం!"

ఒకప్పుడు నేను బోర్లు దించిన ఎర్రకోన కొండలో గని తవ్వడానికి పెట్టిన దరఖాస్తు అది. దానికి జతచేసింది నా షీటే, అక్కడి పద్నాలుగో బోరుది.

"ముప్పయ్యేళ్ల నాటిది! ఎంత శుభ్రంగా ఉందో చూశావా?" అన్నాను.

"శుభ్రంగానే ఉందిలే. నీళ్ల గడిలో నువ్వు గీత పెట్టావు కాబట్టి కొండలో నీళ్లే లేవని గనివాళ్లు రాసుకున్నారు."

ఆ గీత చూడగానే ఆ రోజు గుర్తొచ్చింది. ఆ బోరులోంచి నీళ్లు వాటంతటవే పైకి తన్నుకొచ్చాయి. కింది గూడెం అన్నమ్మ బిందె పట్టి, "మా ఊటకి పుట్టిల్లు ఇదేనన్నమాట, అయ్యా!" అని నవ్వింది. "మనం వచ్చింది రాయి కోసం. నీళ్లు మనకెందుకయ్యా, గీత పెట్టెయ్," అన్నారు కేశవరావుగారు. పెట్టాను. గూడెం ఈనాటికీ ఆ ఊట నీళ్లే తాగుతోంది.

నా షీటు తప్పని జీవితంలో మొదటిసారి ఉత్తరం రాసి సంతకం చేశాను. వర్షిణి దాన్ని ఇంగ్లీషులో పెట్టింది. మర్నాడు మెట్రో ఎక్కి అనుమతుల ఆఫీసుకు వెళ్లాను.

గుమాస్తా దరఖాస్తులోని షీటునూ నా ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి హిందీలో అడిగాడు. "అంకుల్‌జీ, దీని మీదా మీ సంతకమే, దాని మీదా మీ సంతకమే. ఏది నమ్మమంటారు?"

"ఈ ఉత్తరమే, బాబూ."

"అభ్యంతరాల గడువు పోయిన నెలే అయిపోయింది. ఠీక్ హై, ఇచ్చి వెళ్లండి."

పదిహేను రోజులకు గనికి అనుమతి వచ్చింది. వర్షిణి చదివి వినిపించింది. కొండలో నీరు లేదట, ఆధారం పద్నాలుగో బోరట.

"మరి నా ఉత్తరం?"

"దాని మాటే లేదు, తాతయ్యా."

షీటు మళ్లీ తెరిపించుకున్నాను. తెర మీద ఆ గీతను వేలితో రుద్దాను. పేజీ కిందికి జారి నా సంతకం దగ్గర ఆగింది.