మూడు ప్రశ్నల సారు, ఒక ఖాళీ గడి

మా ఆఫీసులో ఒక సారు ఉండేవారు. కంటపడిన ప్రతి వస్తువునీ మూడు ప్రశ్నలు అడగందే ఆయనకు తిన్నది అరిగేది కాదు. నీలో ఎన్ని ఉన్నాయి? ఫలానాది నీలో ఉందా? ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా బయటికి ఇవ్వగలవా? మూడింటికీ జవాబు చెప్పగలిగితే అది పెట్టె. ఒక్కదానికి తడబడినా, బంగారంతో చేసిందైనా సరే, ఆయన లెక్కలో అది పెట్టె కాదు.

ఈ జబ్బు ఆయనకు వృత్తిలోంచి అంటుకుంది. ఆయన ప్రోగ్రాములు రాసేవారు. వాటిలో ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసు అని ఒకటుంటుంది. దానిలో సరుకేమీ ఉండదు, ఉత్త షరతుల పట్టిక. ‘పెట్టెనని చెప్పుకుని వచ్చేవాళ్లెవరైనా ఈ మూడు పనులూ చేసి చూపాలి’ అని గుమ్మంలో కూర్చుంటుంది. ఒక్క పని రాకపోయినా గడప దాటనివ్వదు. అన్నీ వస్తే మాత్రం ఏ తల్లి బిడ్డవని అడగదు. మిగతా ప్రోగ్రామర్లు దీన్ని ఆఫీసులో వాడుకుని అక్కడే వదిలేసి పోయేవారు. ఈయన వీధిలోకీ ఇంట్లోకీ కూడా మోసుకెళ్లేవారు.

ఒకరోజు డిజైనరమ్మాయి హ్యాండ్‌బ్యాగులో తాళాల కోసం తడుముకుంటోంది. సారు ఆగారు.

“ఎన్ని వస్తువులున్నాయమ్మా అందులో?”

“ఎవరికి తెలుసు సార్.”

“తాళాలు ఉన్నాయా?”

“అదే వెతుకుతున్నాను.”

“పోనీ, ఒక్కొక్కటీ తీసి చూపగలవా?”

ఆ పిల్ల ఒళ్లుమండి బ్యాగును బల్ల మీద బోర్లించింది. “ఇది సంచి కాదు తల్లీ, గొయ్యి” అని తేల్చేసి, గోతిలోంచి పడిన తాళాలు ఆమె చేతికే ఇచ్చి వెళ్లిపోయారు.

లిఫ్టుతో ఆయనకు బద్ధవైరం. దానికి బరువు తెలుసు గాని తలల లెక్క తెలియదట. ఆ కోపంతో రోజూ అయిదంతస్తులు మెట్లెక్కి, పావుగంట ఆయాసపడేవారు. ఇక మేనేజరుగారి ఉపన్యాసం. మాటలు ఒక్కొక్కటిగా వస్తూనే ఉంటాయి, మొత్తం ఎన్నో ఆయనకే తెలియదు, వాటిలో విషయం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. “ఆయన పెట్టె కాదమ్మా, కట్టెయ్యని కుళాయి” అని మీటింగు నుంచి వస్తూ సారు నా చెవిలో ఊదేవారు.

ఇంట్లో ఆయన భార్య, మేమంతా పిన్నిగారు అని పిలిచే ఆవిడ, పెట్టుకున్న కుట్టు సామాన్ల డబ్బా ఒక్కటే మూడు ప్రశ్నలకీ నిలబడింది. దాని మీద బిస్కెట్లని రాసి ఉందే అని ఎవరైనా అంటే, పేరుదేముంది, పని చూడాలి అనేవారట. మరి మీ సొరుగు సంగతేమిటని పిన్నిగారు అడిగితే మాత్రం పేపరు అడ్డం పెట్టుకునేవారట.

నేనప్పట్లో ఆ ఆఫీసు గుమ్మంలో, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చునేదాన్ని. డిగ్రీ మధ్యలోనే మానేశాను. సారు రోజూ నా ముందు ఆగి, లోపల బయటివాళ్లు ఎంతమంది ఉన్నారు, ప్రింటరు బాగుచేసే ఆయన ఉన్నాడా, వరసగా పేర్లు చదువు అని ప్రాణం తీసేవారు. ఆ పోరు పడలేక మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చుని, ఆ మూడింటికీ తనే జవాబు చెప్పే ప్రోగ్రాము రాయడం నేర్చుకున్నాను. నేను రాసిన మొదటి పెట్టెను కంప్యూటరు గుమ్మంలోంచే గెంటేసింది. ‘ఫలానాది ఉందా’ అన్న పనికి జవాబు రాయడం మరిచిపోయాను. సారు సంబరపడిపోయి, ఎలా సరిచేయాలో చెప్పకుండా ఇంకో ప్రశ్న వేసి పోయారు. ఏడాదిన్నర పాటు రోజుకొక కొత్త చిక్కు. పగవాళ్లకి కూడా ఈయన పరిచయం వద్దు దేవుడా అనుకునేదాన్ని.

ఇంతలో నా బల్ల తీసేసి అక్కడ ఒక తెర పెడతామన్నారు. వచ్చేవాళ్లు తమ పేరు తామే కొట్టుకుని లోపలికి పోతారట. నెలాఖరుకు నా ఉద్యోగం పోతుంది. సారు జట్టులో ప్రోగ్రామరు ఖాళీ ఒకటి ఉంది గాని, అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయనే నన్ను నియామకాలు చూసే మేడమ్ గదికి లాక్కెళ్లారు.

ఆ ఉద్యోగానికి పన్నెండు పనులు రావాలని ఆఫీసు పట్టిక ఉంది. సారు జేబులోంచి దాని నకలు తీశారు. ప్రతి పని పక్కనా ఒక తేదీ, ఆ రోజు నేను రాసిన ప్రోగ్రాము పేరు. ఏడాదిన్నరగా నన్ను వేధించిన ప్రశ్నలన్నీ ఆ పట్టికలోంచి ఏరినవేనని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మేడమ్ గంటసేపు నన్ను తిరగేసి బోర్లేసి పరీక్షించి, సరేనని కంప్యూటర్లో ఫారం నింపారు. డిగ్రీ గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోనని ఫారం మొరాయించింది.

“ఈ ఫారం ఎవరు రాశారండీ?”

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “పదేళ్ల కిందట నేనే.”

“పోనీ లెండి, గడిలో ఒక చుక్క పెట్టేస్తాను. ఖాళీ కాదు కదా.”

“వద్దండీ,” అన్నారు సారు. “చుక్క పెట్టుకుని దొంగదారిన రావలసిన ఖర్మ ఈ పిల్లకేం లేదు. పన్నెండు పనులూ వచ్చు. డిగ్రీ అన్నది పని కాదు. ఆ షరతు రాయడమే నా తప్పు.”

అయితే తీసేయండి, నేను సంతకం పెడతాను అన్నారు మేడమ్. ఒక్క షరతు సడలించమని ఎవరు కాళ్లావేళ్లా పడినా కరగని మనిషి, అక్కడికక్కడే కూర్చుని ఆ షరతు చెరిపేశారు. ఫారం ముందుకు కదిలింది.

ఎవరు ఏ మార్పు చేసినా తర్వాత ఇంకొకరు సరిచూడాలన్నది జట్టు నియమం. కొత్త సీట్లో నాకిచ్చిన మొదటి పని ఆ చెరిపివేతను చూడటమే. చూద్దును కదా, ఆవేశంలో సారు దాని కిందున్న ఫోన్ నంబరు షరతు కూడా లేపేశారు. ఉద్యోగం ఇప్పించిన మనిషి తప్పును, చేరిన గంటకే ఏ ముఖం పెట్టుకుని చెప్పను? రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చుని, చివరికి వెళ్లి చెప్పాను.

సారు తెర వైపు చూశారు, నా వైపు చూశారు, లేచి నిలబడ్డారు. నన్ను వెంటబెట్టుకుని బల్ల బల్లకూ తిప్పారు. చేరిన గంటకే నా తప్పు పట్టిందండీ ఈ పిల్ల అని, తనకేదో పతకం వచ్చినట్టు అందరికీ చెప్పుకున్నారు. మేనేజరుగారికైతే రెండుసార్లు చెప్పారు.

సాయంత్రం పిన్నిగారు ఫోన్ చేశారు. సారు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అదే కథ మొదలుపెట్టారట.

“ముప్పై ఏళ్లుగా రోజూ ఆయన తప్పులు పడుతూనే ఉన్నాను తల్లీ,” అన్నారు పిన్నిగారు. “నన్ను ఒక్కనాడైనా ఇలా ఊరేగించిన పాపాన పోలేదు.”