గిల్లిన పిల్లాడు

టీచర్ ట్రైనింగ్ చదువుకునే ఆ రోజుల్లో, గోపాలపట్నంలోని మా రెండు గదుల ఇంట్లో క్లాసు నిండా పిల్లలుండేవారు. అందరూ మా నాన్నే! ఇప్పటివాళ్ళు నవ్వుతారు గానీ, పాఠం చెప్పడం అలవాటు కావాలంటే ఎదురుగా ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. అమ్మని అడిగితే, "పొయ్యి మీద పులుసు నువ్వు సూత్తావేటి?" అంది. పక్కింటి పిల్లలు ఒకసారి వచ్చారు, రెండోసారి నన్ను చూడగానే పరుగో పరుగు. ఇక మిగిలింది నాన్న. పోర్టులో పొద్దుటి డ్యూటీ దిగి, స్నానం చేసి, సాయంత్రం బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చునేవాడు. రెండో తరగతి. (ఆయన చదివిందీ అంతవరకేనని అమ్మ దెప్పేది.)

కూర్చున్నవాడు బుద్ధిగా ఉంటేనా! నేను బోర్డు మీద ఆవు బొమ్మ అతికించి, "పిల్లలూ, ఇదేమిటి?" అని అడిగీ అడగకముందే చెయ్యెత్తి, గొంతు సన్నగా చేసి, "టీసర్! ఈడు నన్ను గిల్లతన్నాడు!" అనేవాడు. ఆయన పక్కన గోడ తప్ప ఎవరూ లేరు. "పాఠం పాడుసెయ్యకు నాన్నా" అని కసిరితే, "నాన్నేటి? నాను రెండో తరగతి. రేపు నీ బడిలో పిల్లలు గిల్లుకోరేటి? అప్పుడేటి సేత్తావో ఇప్పుడే సెయ్యి" అనేవాడు. స్కేలు చూపిస్తే చాలు, ఏడుపు లంకించుకునేవాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఆ ఏడుపేటండీ, ఈదంతా ఇంటంది!" అని తల బాదుకునేది. నేను పాఠం వదిలేసి కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. ఆయన కోరిక ఒక్కటే. "నిన్ను బడిలో పిల్లలు టీసర్ అని పిలిత్తే ఒక్కసారి ఇనాల. కిటికీ కాడ నిలబడి ఇనేసి ఒచ్చేత్తాను, లోనికి రాన్లే" అనేవాడు.

రెండో ఏడాది, బడిలో పిల్లలకి పాఠం చెప్పి చూపించాల్సిన ఫైనల్ లెసన్ పరీక్ష ఇంకా నెల్లాళ్ళుందనగా, నాన్న డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడిపోయాడు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడిపక్క చచ్చుబడింది, మాట పోయింది. "వస్తే రావచ్చు, మాట్లాడిస్తూ ఉండండి" అన్నాడు డాక్టరు. అంతే, నాకు పట్టుదల వచ్చేసింది. మాకు కాలేజీలో నూరిపోసిన సూత్రాలన్నీ (తెలిసినదాన్నుంచి తెలియనిదానికి, సులువైనదాన్నుంచి కష్టమైనదానికి) ఆయన మీదే ప్రయోగించాను. మంచం పక్కన బోర్డు నిలబెట్టి, పడవ బొమ్మ అతికించి, "ఇదేటి నాన్నా? ప... డ... వ. అను" అనేదాన్ని. పెదవులు కదిలేవి, గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. బతుకంతా ఓడల దగ్గరే గడిపిన మనిషి పడవ అనలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. నేను బోర్డు గోడవైపు తిప్పేసి, వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. ఆ అల్లరి పిల్లాడి కోసం ప్రాణం కొట్టుకుపోయేది.

ఫైనల్ లెసన్ రోజు పొద్దున్న నేను వెళ్ళనన్నాను. "ఆయన కోసరమే ఎల్లు" అంది అమ్మ, మంచం అంచున కూర్చుని ఆయనకి జావ తాగిస్తూ. సరే, అలవాటు కొద్దీ ఎదురుగా నిలబడి, ఆవు బొమ్మ పట్టుకుని "పిల్లలూ, ఇదేమిటి?" అన్నానో లేదో, అమ్మ "అబ్బా!" అని ఎగిరిపడింది. జావగిన్నె దొర్లిపోయింది. నాన్న ఎడమచేత్తో అమ్మ మోచెయ్యి గిల్లేసి, ఏమీ ఎరగనట్టు పైకప్పు వైపు చూస్తున్నాడు! "సూడే, ఈయన నన్ను గిల్లతన్నారు!" అంది అమ్మ. అనేశాక తనన్నదేమిటో తనకే తెలిసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముగ్గురం నవ్వాం. నాన్న ఒకపక్క మూతితోనే నవ్వాడు. ఆ నవ్వు చూసుకుని బస్సెక్కాను.

జాలరిపేటలో ఒక చిన్న బడి. వెనక బెంచీ మీద పరీక్ష చెయ్యడానికొచ్చిన మేడమ్. ఆవు బాగానే నడిచింది, పడవా నడిచింది. ఇంతలో ముందు వరసలో ఒక పిల్ల లేచి, "టీసర్! ఈడు నన్ను గిల్లతన్నాడు!" అంది. ఏం చెయ్యాలో నాకు తెలియదా? ఎన్ని సాయంత్రాలు నేర్చుకున్నాను! గిల్లినవాడు స్కేలు దెబ్బ కోసం అప్పుడే చెయ్యి చాపేశాడు. నేను మాత్రం వాణ్ణి దగ్గరికి లాక్కుని భోరుమన్నాను. వాడు హడలిపోయి, "ఇంకెప్పుడూ గిల్లను టీసర్!" అని రాగం అందుకున్నాడు. వాణ్ణి చూసి క్లాసంతా ఏడుపు. మేడమ్ నాకు మంచినీళ్ళిచ్చి, "పాఠం బాగుందమ్మా. మరీ ఇంత ప్రేమైతే క్లాసు అదుపులో ఉండేదెలా?" అన్నారు. ఎలా పాసయ్యానో ఇప్పటికీ అర్థం కాదు.

నాన్నకి మాట రాలేదు. నాకు ఉద్యోగం వచ్చేలోగా మనిషే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. నా క్లాసులో గిల్లినవాడికి దెబ్బలుండవు, తెచ్చి నా కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకుంటాను. ఈ కిటుకు పిల్లలకి తెలిసిపోయింది. నా పక్కన కూర్చోవాలనిపించిన రోజున పక్కవాణ్ణి ఊరికే గిల్లేస్తారు. "మీ క్లాసులో గిల్లుళ్ళు మరీ ఎక్కువండీ" అని హెడ్మాస్టారు విసుక్కుంటారు. నవ్వి ఊరుకుంటాను. అదుపు నాకు ఎలాగూ రాలేదు. ఇన్నేళ్ళొచ్చినా, "టీసర్!" అని కేక వినబడగానే, పిలిచిన పిల్ల వైపు కాకుండా ముందు కిటికీ వైపు చూస్తాను.