పసుపు ముఖానికి చాలినంత వెలుతురు

అప్పడికి మలయా దేశంలో, తెలుక్ ఆన్సన్ బజారులో చిన్న ఫొటో దుకాణం ఉండేది. బతికున్నవాళ్లు దుకాణానికి వచ్చేవారు. చనిపోయినవాళ్ల దగ్గరికి అతనే వెళ్లేవాడు.

చుట్టుపక్కల తోటల్లో, సుంగై సుమున్ దాకా, తెలుగు కూలీలుండే లైను ఇళ్లలో ఎవరు పోయినా దహనానికి ముందు అప్పడికి కబురు వచ్చేది. శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టేవారు. అయినవాళ్లలో ఒకరు పక్కన కూర్చుని తల వాలిపోకుండా పట్టుకునేవారు. ఆ పటం ఓడెక్కి, విశాఖపట్నం వైపు ఏదో పల్లెకు చేరేది. పటం చూసేదాకా అక్కడ తల్లి ఏడ్చేది కాదు. దినం పెట్టేవారు కాదు. ఎందుకు నమ్ముతారు? మూడేళ్లలో తిరిగొచ్చేస్తారని, అక్కడ చెట్టు గీరితే డబ్బు కారుతుందని చెప్పి మనుషుల్ని ఓడెక్కించిన మేస్త్రీల మాటల్లో ఒక్కటీ నిజం కాలేదు. ఆ నోళ్లే 'మీ పిల్ల పోయింది' అంటే, ఆ ఒక్క మాటా నమ్మాలా? ముఖం చూపించమన్నారు. న్యాయమే.

అప్పడూ తోటలో పుట్టినవాడే. తండ్రి రబ్బరు గీశాడు, తల్లి కొబ్బరి ఒలిచింది. పటాలు తీసే ఒక చీనా తౌకే, అంటే షావుకారు, దగ్గర ఫొటోల గాజు ప్లేట్లు కడిగి కడిగి పని నేర్చుకుని, ఆ తౌకే పినాంగు వెళ్లిపోయాక పాత కెమెరాతో సొంతంగా కూర్చున్నాడు. దొరల బంగళాల్లో టెన్నిసు ఆటలప్పుడు కూడా పిలిచేవారు. ఆ పటాలు ఎప్పుడూ చెడలేదు. తెల్ల బట్టలు, తెల్ల ముఖాలు, పచ్చిక. కళ్లు మూసుకుని తీసినా వచ్చేవి.

చెడింది ఎర్రమ్మ పటం.

ఎర్రమ్మ తాతబాబు అనే తోటకూలీ పెళ్లాం. జ్వరంతో పోయింది. అప్పడు ఆకాశం చూసి, నీడ చూసి, ఎప్పటిలాగే అందాజుగా వెలుతురు లెక్క కట్టి పటం తీశాడు. చీకటిగదిలో ఎర్రదీపం కింద ప్లేటు మీద అన్నీ లేచాయి. దుప్పటి లేచింది, మెడలో మల్లెపూలు లేచాయి, తల పట్టుకున్న తాతబాబు వేళ్లు లేచాయి. ముఖం లేవలేదు. ఆరిన ప్లేటును కిటికీకి అడ్డం పెట్టి చూస్తే ముఖం ఉండాల్సిన చోట ఖాళీ గాజు. అందులోంచి అవతలి వీధి కనిపించింది. అచ్చు తీస్తే అక్కడ బొగ్గులాంటి నలుపు.

మళ్లీ తీయడానికి మనిషి లేదు. తాతబాబు ఆ పటమే పంపించాడు. ఓడ దిగిన మనిషి ఒకడు ఊరి కబురు మోసుకొచ్చాడు. ఎర్రమ్మ తల్లి పటాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది మా పిల్ల కాదందట. మొకం నేని మనిషిని సూపించి నా బిడ్డని ఎక్కడ అమ్ముకున్నారని అడిగిందట. దినం పెట్టనివ్వలేదట. ఇప్పటికీ ఓడ వచ్చిందని విన్నప్పుడల్లా ఒకరికి సరిపడా అన్నం ఎక్కువ వండుతుందట.

ఆ తర్వాత తాతబాబు ప్రతి ఆదివారం దుకాణం ముందు నిలబడేవాడు. తిట్టేవాడు కాదు. 

"అన్నా, మా ఆడదాని మొకం ఏటి సేసినావు?" అనేవాడు. 

కొన్నాళ్లకి అతను వేరే తోటకు పోయాడు. అయినా ఆదివారం వస్తే అప్పడు గుమ్మంవైపు వీపు పెట్టి కూర్చునేవాడు. ప్లేటును మందునీళ్లలో వేశాక ముఖం లేచే ఘడియలో కళ్లు పక్కకి తిప్పుకునేవాడు. ఎర్రమ్మ ప్లేటును పారేయలేకపోయాడు. పెట్టెలో అడుగున దాచాడు. పెట్టె తీసినప్పుడల్లా అది పైకి వచ్చి ఉన్నట్టే అనిపించేది.

తప్పు తన అందాజుదే అనుకున్నాడు. కొబ్బరిచెట్ల కింద వెలుతురు మోసగత్తె. కంటికి ఒకటి చెబుతుంది, ప్లేటుకి ఇంకొకటి చెబుతుంది. వెలుతురును కొలిచే చేతిమిషన్లు వచ్చాయని విన్నాడు. సైకిలు అమ్మేసి, రైలెక్కి ఈపో వెళ్లాడు.

అక్కడి కెమెరా దుకాణంలో అమ్మేవాడు పాట్రిక్ అనే తెలుగు కిరస్తానీ కుర్రాడు, మలయావాళ్లలా మాట చివర 'లా' తగిలించేవాడు. అద్దాల బల్ల మీద మూడు మిషన్లు పరిచాడు. మూడూ అరచేతిలో ఇమిడేవే.

మొదటిది జేబుగడియారంలా ఉంది. "గడియారం కాదన్నా. లోపల కాయితం ఉంటాది. ఎలుతురికి నల్లబడతాది. పక్కనున్న రంగుతో కలిసినదాకా లెక్కెట్టుకోవాలి."

"మన వానలకి ఆ కాయితం ఆగుతాదేటి?"

"మన వానలకి మడుసులే బూజెక్కిపోతన్నారు లా, కాయితమేటి."

రెండోది చిన్న గొట్టం. కంటికి పెట్టుకుంటే లోపల అంకెలు ఒకదానికన్నా ఒకటి మసకగా కనిపిస్తాయి. ఆఖరికి ఏ అంకె ఆనుతుందో అదే లెక్క. అప్పడు గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. లోపలికొచ్చి కాసేపాగి చూశాడు. కన్ను చీకటికి అలవాటు పడేకొద్దీ అంకె మారిపోతోంది.

"నా కన్ను ఇప్పటికే నన్ను మోసం సేసినాది. దానికి గొట్టం తగిలించి ఇంకోపాలి మోసపోమంటావేటి?"

పాట్రిక్ నవ్వి మూడోదాన్ని ముందుకు జరిపాడు. తోలుతొడుగు చిరిగి ఉంది. నష్టాలొచ్చి దేశం వెళ్లిపోయిన ఏదో తోట దొరది. ముందువైపు తేనెపట్టులాంటి గాజు, పైన సన్నటి సూది. "బ్యాటరీ నేదు. ఎలుతురే దీని తిండి. తింటే సూది లేస్తాది."

"కూలోడిలాగే. తిండి పెడితే లేస్తాడు."

"కూలోడు తిండి పెట్టకపోయినా లెగాల. ఇది లెగదు. అదీ తేడా."

అప్పడు మిషన్‌ను పాట్రిక్ తెల్లచొక్కా దగ్గర పెట్టాడు. సూది ఎగిరింది. తన ముఖం దగ్గర పెట్టుకున్నాడు. సూది పడిపోయింది.

"అన్నా, నీ మొకం మీద ఎలుతురు నేదంటంది!"

"నా మొకం మీద ఎప్పుడుందిరా" అన్నాడు అప్పడు నవ్వకుండానే. అతనికి ఒకటి తట్టింది. ఇన్నాళ్లూ తాను చూసింది దుప్పటి తెలుపునీ ఆకాశాన్నీ. నల్లటి మనిషి ముఖాన్ని దగ్గరగా కొలవలేదు. ఎర్రమ్మను చంపింది... కాదు, ఆమె ముఖాన్ని చంపింది ఆ దుప్పటి తెలుపే అనుకున్నాడు. సూది మిషన్నే తీసుకున్నాడు.

ఇంటికొచ్చి పెళ్లాం కూర్మమ్మను వాకిట్లో నిలబెట్టాడు. సూదిని ఆమె చెంప దగ్గర పెట్టి, అది చెప్పినట్టే తీశాడు. ముఖం కడిగిన ముత్యంలా వచ్చింది. ఆ రాత్రి చాలాకాలానికి కంటినిండా నిద్రపోయాడు.

శుక్రవారంనాడు మళ్లీ నిలబెట్టాడు.

"నానేటి, గుడిలో బొమ్మనా? సాలు మావా, కూర మాడిపోతాది."

సూది బాగా లేచింది. అది చెప్పినట్టే తీశాడు. చీకటిగదిలో ప్లేటు మీద చీర లేచింది, ముంజేతులు లేచాయి. మెడ దాకా కూర్మమ్మ. ఆ పైన ఎర్రమ్మ. అదే ఖాళీ గాజు.

అచ్చు చూసి కూర్మమ్మ చెయ్యి తన చెంప మీదికి పోయింది. "ఓలమ్మో, నానూ సచ్చిపోనానేటి?"

"మిషను తగలడ్డాది. ఆ పాట్రిక్ నా సైకిలు మింగేసినాడు."

ఆమె రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. "మొన్న ఉత్త మొకంతో ఉన్నాను మావా. ఇయ్యేళ సుక్కురోరం. పసుపు రాసుకున్నాను కాదేటి."

అప్పడు కెమెరాలో కొత్త ప్లేటు పెట్టాడు. తర్వాత ఆమెను ఒక చెంప మాత్రమే కడుక్కు రమ్మన్నాడు. వచ్చిన పటంలో కూర్మమ్మకు సగం ముఖమే ఉంది. ముక్కు మీదుగా గీత గీసినట్టు, ఇటు మనిషి, అటు చీకటి.

మన కంటికి పసుపు మెరుస్తుంది. సూదికీ మెరుస్తుంది. తోటకూలీల పటాలకి ఎర్రమ్మ నాటినుంచే అప్పడు వాడుతున్న చవక ప్లేటుకు మాత్రం పసుపూ నలుపూ ఒకటే. ఆ ప్లేట్లు తయారైన దేశంలో ముఖానికి పసుపు పూసుకునే ఆడది లేదు, ఆమె పటం కోసం కాచుకున్న తల్లీ లేదు. ఎవరి ముఖాలు చూపించాలని చేసిన సరుకో ఆ ముఖాలే చూపిస్తుంది. ఎర్రమ్మ ముత్తైదువగా పోయింది. ఆడవాళ్లు ఆమె ముఖానికి ప్రేమతో దట్టంగా పసుపు పూశారు. ఆ ప్రేమే ఆమెను చెరిపేసింది.

ఎర్రమ్మ ప్లేటు తీసి మళ్లీ కిటికీకి పెట్టాడు. అప్పుడు పడని వెలుతురు ఇప్పుడు పడదు.

తర్వాత రెండు మూడు శుక్రవారాలు కూర్మమ్మ గొణుక్కుంటూనే ఎండలో నిలబడింది. పసుపు ముఖం రావాలంటే సూది చెప్పినదానికి నాలుగింతలు వెలుతురు ఇవ్వాలని తేలింది. చీర, గోడ, ఆకాశం అన్నీ తెల్లగా మాడిపోతాయి. మాడనీ అనుకున్నాడు.

వానాకాలంలో కబురు వచ్చింది. సుంగై సుమున్ వైపు తోటలో దాసు పెళ్లాం నూకమ్మ కాన్పులో పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి లారీ లేదా అంటే, ఉంది. ఆ పొద్దున ఎండుకొబ్బరి బస్తాలు రేవుకు వెళ్లాలి. కొబ్బరి వెళ్లింది. నూకమ్మ లైనులోనే ఉండిపోయింది. దొర దాసుకు ఒక పూట సెలవు ఇచ్చాడు. అదేదో దానమిచ్చినట్టు, కూలీల మీద పెత్తనం చేసే మండోరు ఆ మాట అందరికీ రెండుసార్లు చెప్పాడు.

సైకిలు లేదు కాబట్టి అప్పడు బస్సు దిగి, కెమెరా భుజాన మోసుకుని బురదలో నడిచి చేరాడు. నూకమ్మను వరండా గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ముఖమంతా పసుపు, నుదుట రూపాయంత కుంకం. దాసు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అప్పడన్నా, ఊర్లో మా అత్త నమ్మాల. ఎర్రమ్మప్ప పటంలా సెయ్యకు. నీ కాళ్లకి దండమెడతాను."

"పసుపు కడిగేస్తే మొకం కరెస్టుగా వస్తాది" అన్నాడు అప్పడు మెల్లగా.

శవానికి నీళ్లు పోసిన ముసలామె లేచింది. "ఏటన్నావు? మొగుడు బతికుండగా దాని పసుపు కడిగేస్తావా? ఈడు సచ్చినాడనా?"

"కడిగీ పెద్దమ్మా" అన్నాడు దాసు. "నాను బతికుంటే ఏటి, సస్తే ఏటి. అత్తకి మొకం కనబడాల."

"నోర్ముయ్యిరా గుంటడా. అది పట్టుకెల్తన్నదల్లా ఆ పసుపొక్కటే. దాన్నీ లాక్కుంటారా?"

ఆమె చెప్పినది నిజమే. కూలి తోటదైంది, ఒళ్లు తోటదైంది, పుట్టని బిడ్డ కూడా తోటదే అయింది. నూకమ్మకు మిగిలింది పసుపే.

"ఉండనీయండి" అన్నాడు అప్పడు. "నానే ఆగుతాను."

సూదిని నూకమ్మ చెంపకు చేతివెడల్పు దూరంలో పెట్టాడు. చెంపలోని చలి వేళ్లకు తగిలినట్టైంది. సూది మెరిసే పసుపును చూసి, చాలినంత వెలుతురుంది అంది. నీ మాట విననులే అనుకున్నాడు. లెన్సు నోరు తెరుచుకోగలిగినంతా తెరిచాడు. వానమబ్బు కింద అదీ చాలదు. మిగిలింది కాలమే. మూత తీసి చాలాసేపు ఆగాలి.

"దాసూ, తల గట్టిగా పట్టుకో. కదలకు."

మూత తీశాడు. నూకమ్మ కదలలేదు. దాసు ఊపిరి బిగబట్టాడు. కాసేపటికి అతని గుండె లోపలినుంచి ఏదో తన్నుకొచ్చింది. చేతులు మాత్రం బిగించి ఉంచాడు. భుజాలు, మెడ, తల ఆపుకోలేక ఊగిపోయాయి. అప్పడు చూశాడు. మూత పెట్టేయవచ్చు. పెడితే నూకమ్మ ముఖం రాదు. పెట్టలేదు.

ఆ ప్లేటును మందునీళ్లలో వేసినప్పుడు అప్పడు కళ్లు తిప్పుకోలేదు. గోడ మాడిపోయింది, దుప్పటి మాడిపోయింది. మధ్యలో నూకమ్మ లేచింది. కనురెప్పలు, ముక్కుపుడక, పై పెదవి మీది పుట్టుమచ్చ. ఏదో అడగబోయి ఆగినట్టున్న ముఖం. ఆమె తలను రెండు చేతులు పట్టుకుని ఉన్నాయి. ఆ చేతుల వెనక మనిషి లేడు. అతను ఊగిపోయిన చోట పొగ ఉంది.

పటం ఓడెక్కింది. కొన్ని నెలల తర్వాత దాసు దుకాణానికి వచ్చాడు. బల్ల మీద కూర్చోకుండా గుమ్మాన్ని ఆనుకుని నిలబడ్డాడు.

"అత్త పోల్చినాదన్నా. పుట్టుమచ్చని ముద్దెట్టుకుని ఏడ్సిందంట. దినం పెట్టినారు."

అప్పడి ఛాతీలోంచి ఏళ్లనాటి గాలి బయటికి వచ్చింది.

"నాకూ పెట్టినారంట" అన్నాడు దాసు.

"ఏటి?"

"దాని ఎనకాల దయ్యంలాగ ఉన్నాను కదా. ఈడూ పోనాడు, పెళ్లాన్ని తీసుకెల్లడానికి వచ్చినాడు అనుకున్నారంట. ఇద్దరికీ ఒక్కపాలే పిండాలెట్టేసినారు. నాకోసం గాజులు తియ్యడానికి పెళ్లాం నేదు గానీ, మా అమ్మ నెత్తి బాదుకుందంట."

అప్పడు గబగబా లేచి మిషన్ అందుకున్నాడు. "కూకో. ఇప్పుడే తీస్తాను. బతికున్నావని పంపుదాం."

దాసు నవ్వాడు. అందులో చప్పుడు లేదు. "వద్దన్నా. పిండాలు తిన్నోడు తిరిగొస్తే ఊరు ఊరంతా బయపడతాది. మా అమ్మ ఏడ్సేసింది. మల్లీ ఒకపాలి నిజంగా సచ్చినప్పుడు ఏడవనక్కర్నేదు. అయినా ఆళ్లు తప్పేటన్నారు? తెల్లారితే మండోరు పేరెట్టి పిలుస్తాడు, పలుకుతాను. నా బతుకంటే అదే కదా లా."

అతను మెట్లు దిగిపోయాడు. అప్పడి చేతిలో మిషన్ అలాగే ఉంది. వీధిలో ఎండ కాస్తోంది. దూరమవుతున్న దాసు వీపువైపు దానిని పట్టుకున్నాడు. సూది బాగానే లేచింది.

ఆ తర్వాత అప్పడు ఏ తోటకు వెళ్లినా, తల పట్టుకోవడానికి కూర్చున్నవాళ్లను లేపేసి, గోడలో రెండు మేకులు కొట్టి, శవం తల నిలిచేలా గుడ్డ కట్టేవాడు. అయినవాళ్లను పటంలోంచి బయటికి పొమ్మనేవాడు. వాళ్లు వినకపోతే, బతిమాలేవాడు.