పెట్టె బయల్దేరితే సరా?

మా పక్కింటి పిన్నిగారు పోయిన నెలలో కన్నుమూశారు. పొద్దున్నే నేను దోసెలు పోస్తుంటే వాళ్ల కోడలు గోడ మీదుగా పిలిచి, "అక్కా, అత్తయ్యగారు లేవట్లేదు, ఒక్కసారి రా" అంది. నేను వెళ్లేసరికే అయిపోయింది. నిద్రలోనే పోయారు. "ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, అదృష్టవంతురాలు" అన్నారు వచ్చినవాళ్లంతా. నాకు మాత్రం ఆ మాటకి ఒళ్లు మండింది. ఇంకొన్నాళ్లు ఉండి మమ్మల్ని ఇబ్బంది పెడితే ఆవిడ సొమ్మేం పోయేది?

మా ఆయనది గుంటూరులో మిర్చి ఎగుమతి వ్యాపారం. కొలంబో, ఢాకా, కౌలాలంపూర్ అంటూ ఎప్పుడూ ప్రయాణాలే. మా అత్తగారు ముహూర్తం చూడందే గడప దాటనివ్వరు. విమానం మంగళవారం ఉందంటే, సోమవారమే మంచి గడియలో పెట్టెను పొరుగింటికి చేరుస్తారు. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. పెట్టె కదిలింది కాబట్టి ప్రయాణం మొదలైనట్టే లెక్క. మా పెట్టెలన్నిటికీ పిన్నిగారి ముందుగదిలోనే మకాం.

ఆవిడ ఇన్సూరెన్సు ఏజెన్సీ నడిపిందీ ఆ గదిలోనే. మా అత్తగారికి అదొక్కటే గిట్టేది కాదు. "ప్రయాణం పెట్టుకుని ఆసుపత్రి మాటలేంటి వదినా? పైన తథాస్తు దేవతలుంటారు" అనేవారు. పిన్నిగారు నవ్వేసేవారు. "పెట్టె మా ఇంట్లో ఉందిగా వదినా! అశుభమేదో మా ఇంట్లోనే మాట్లాడుకుంటాంలే. నువ్వు పోయి దీపం పెట్టుకో."

పరదేశంలో జబ్బు చేస్తే ఆదుకునే పాలసీ చూసి తీసుకోమని ఆవిడ చెబితే, మొదట్లో మా ఆయన వినలేదు. వెళ్లినప్పుడల్లా ఫోన్లో ఏది చవగ్గా కనిపిస్తే ఆ పాలసీ కొనేవారు. ఒకసారి ఢాకా వెళ్తూ, పెట్టె తెచ్చుకోవడానికి పోయి, తన బేరాన్ని ఆవిడకి గొప్పగా చూపించారు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూశారు. "విమానం ఇవాళైతే పాలసీ నిన్నటి నుంచి ఎందుకుందయ్యా?"

"ప్రయాణం నిన్ననేగా మొదలైంది పిన్నీ! పెట్టె ఇక్కడ పెట్టింది నిన్ననే కదా."

అలా మొదట్లో ఒకరోజు కలుపుకున్నందుకు చివర్లో ఒకరోజు తెగిపోయింది. తిరిగొచ్చే రోజుకి పాలసీ లేదు. "పెట్టె బయల్దేరితే సరా? మనిషి బయల్దేరొద్దూ!" అని తలకొట్టుకుని, తేదీలు మార్పించేదాకా పెట్టె ఇవ్వలేదు ఆవిడ. బయట కారువాడు హారన్ మీద హారన్ కొడుతున్నా చలించలేదు.

తిరిగొచ్చాక కూర్చోబెట్టి చెప్పారు. "ఇన్నిసార్లు తిరిగేవాడివి, పోయినప్పుడల్లా కొనడమెందుకు? ఏడాది మొత్తానికీ ఒకటి తీసుకో. ఒక్కో ప్రయాణానికి ఎన్ని రోజుల దాకా ఒప్పుకుంటారో మాత్రం చూసుకో." ధర విని మా ఆయన నసిగితే ఆవిడ ఊరుకోలేదు. "యార్డులో బస్తా పైకాయ చూసి బేరం చేస్తావా, చెయ్యి అడుక్కి పెట్టి తీస్తావా? ఇదీ అంతే. ఏ ఖర్చులు ఇస్తారో పైనే రాస్తారు. ఏవి ఇవ్వరో అడుగున ఉంటది." తనకున్న షుగరు సంగతి దాచేద్దామని ఆయనంటే, "చెబితే కాస్త ఎక్కువవుద్ది. దాస్తే అసలుకే ఎసరు" అన్నారు. తన దగ్గరున్న పాలసీ షుగరువాళ్లకి అంతగా పనికిరాదని, వేరే కంపెనీది తీసుకోమన్నదీ ఆవిడే. మీలో ఎక్కువగా ప్రయాణాలు చేసేవాళ్లుంటే, ఇలాంటి ఏజెంటు ఒకరు మీ పక్కింట్లో ఉండాలని కోరుకుంటాను.

ఆవిడ మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు. మా ఆయన చాక్లెట్లు తెస్తే పిల్లలకి పంచేసి, "అక్కడోళ్లు మన కాయ ఏ కూరలో వేస్తన్నారయ్యా?" అని ఆశగా అడిగేవారు.

నిరుడు కొలంబోలో మా ఆయన షుగరు పడిపోయి గోదాములో కుప్పకూలిపోయారు. ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. గోడ దగ్గరకెళ్లి అరిచాను. పిన్నిగారు చేతికున్న పిండైనా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చారు. పాలసీలో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, కంపెనీవాళ్లనీ ఆసుపత్రివాళ్లనీ మాట్లాడుకునేలా చేసి, అన్నీ కుదిరాక నా వైపు తిరిగారు. "ఇప్పుడేడువమ్మా" అన్నారు. ఆయన బాగై ఇంటికొచ్చేదాకా డబ్బు గురించి మాకు ఆలోచనే రాలేదు. గిట్టుబాటైన పాలసీ అంటే అదేనని నాకప్పుడు అర్థమైంది.

ఆవిడ పెద్దకర్మ అయిన కొద్దిరోజులకే మా ఆయనకి మళ్లీ ప్రయాణం పడింది. ఏటిసూతకం ఉన్న ఇంట్లో ప్రస్థానం పెట్టకూడదు. ఇంకెవరింట్లోనో పెట్టడానికి మా ఎవరికీ మనసొప్పలేదు. పెట్టె మా హాల్లోనే ఉండిపోయింది. కారు వచ్చి ఆగింది. ఆయన చెప్పులు వేసుకుంటుంటే మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఏరా, ఈ ఏడాది పాలసీ తీసుకున్నావా?"

"తీసుకున్నానమ్మా."

"చదువు."

"ఇప్పుడా? గుమ్మంలోనా?"

"ఏవి ఇవ్వరో అది చదువు. అడుగునుంటదంటగా."

మా ఆయన నా వంక చూసి, ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టారు. రోగాలు, ఆపరేషన్లు, ప్రమాదాలు ఒక్కొక్కటే వచ్చాయి. మరణం అన్నచోట గొంతు తగ్గించి, ఆగిపోయారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"ఆగావేం?" అన్నారు. "గట్టిగా చదువు."