ఎండిన లాన్‌కు వేసిన రంగు

చేవెళ్లలో ఇరవై రెండేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్న మాణిక్యం, తన వృత్తిలో అబద్ధానికి తావులేదని నమ్మేవాడు. నమ్మకానికి ఆధారమేమిటని అడిగితే మాత్రం ఫ్రేములు తుడవడం మొదలుపెట్టేవాడు. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లలో నడి వేసవిలో తీసిన పెళ్లి జంటల ఫొటోలలో సైతం, ఆయన ఆల్బం ఎక్కేసరికి గడ్డి నిగనిగలాడేది. దానిని ఎవరూ అబద్ధమనలేదు, ప్యాకేజీ అన్నారు.

ఆ దుకాణంలోకి ఒక గురువారం ఉదయం చిన్న మంగళారం ఊరి రైతు అంతమ్మ వచ్చి, బల్ల మీద ఒక ఫొటోల కవరు విసిరింది.

"ఏం తమ్మీ, నా టమాట తోటకు నువ్వేమన్న మందు కొట్టినవా? నీ ఫొటోలు జూసి, తోట మంచిగనే ఉన్నది గదమ్మా అన్నడు ఆఫీసు సారు!"

పొరుగు ఫామ్‌హౌస్ వదిలిన మురుగునీటికి ఆమె అరెకరం టమాట తోట ఆకులు పసుపుబారి చచ్చింది. నష్టపరిహారం కోరుతూ ఆమె మండల ఆఫీసులో ఫిర్యాదు చేసింది. ఆరు వారాలు గడిచినా పొలంలో అడుగుపెట్టే తీరిక అధికారికి దొరకలేదు. ఎదురుచూసి విసిగి ఆమె నేల దున్నేసింది. ఇక మిగిలిన సాక్ష్యం దున్నకముందు మాణిక్యం తీసిన ఫొటోలే. వాటిలో ప్రతి ఆకూ ఆకుపచ్చగా మెరుస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే ఆఖరి విచారణ.

మాణిక్యం కంప్యూటర్లో ఫైలు తెరిచాడు. స్క్రీన్ మీద ఆకులు పసుపు రంగులోనే ఉన్నాయి.

"నా తప్పేం లేదక్కా. ప్రింటర్ల ఏదో ఉన్నది."

ముందుగా సిరా సక్రమంగా దిగుతోందో లేదో పరీక్షించాడు. గీతలన్నీ తెగకుండా వచ్చాయి. తరువాత కాగితం చూశాడు. ట్రేలో ఉన్నది కొత్త మ్యాట్ కాగితం. ప్రింటర్‌లో ఎంచి ఉన్నది పాత గ్లాసీ కాగితం ప్రొఫైల్. ఒక్కో కాగితం సిరాను ఒక్కో తీరుగా పీలుస్తుంది కనుక ప్రొఫైల్ మార్చి మళ్లీ తీశాడు. మసక పోయింది, ఆకుపచ్చ పోలేదు.

"తోట ఇంకింత జబర్దస్త్‌గ ఉన్నది," అంది అంతమ్మ. "ఇది జూస్తే సారు నాకే జుర్మానా ఏస్తడు."

మాణిక్యం ప్రింటర్ రంగుల సెట్టింగులు తెరిచి, అక్కడే ఆగిపోయాడు. నీలిరంగు గుండీ కుడివైపుకు జరిగి ఉంది. ఎండిన గడ్డి పసుపులో నీలం కలిపి ఆకుపచ్చగా మార్చడానికి ఆయనే దానిని జరిపాడు. ప్రతిసారీ జరపడం విసుగనిపించి శాశ్వతంగా భద్రపరిచాడు. అది స్క్రీన్ మీద కనిపించదు, కాగితం మీదకు దిగేటప్పుడు మాత్రమే కలుస్తుంది. గుండీని సున్నాకు తెచ్చాడు. ఈసారి ఆకులు అంచులు మాడి, పసుపు రంగులో బయటికొచ్చాయి.

విచారణకు మాణిక్యం కూడా అంతమ్మ వెంట వెళ్లాడు. అధికారి పాత, కొత్త ఫొటోల కట్టలు రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. మాణిక్యానికి పెళ్లి పనులిచ్చే ఆ పొరుగు ఫామ్‌హౌస్ మేనేజర్ వంశీ నవ్వాడు.

"పూటకో రంగు మారే ఫొటోలు ఏం సాక్ష్యం సార్?" ఆపై మాణిక్యం వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "మన పెళ్లిళ్ల సీజన్ ముందున్నదన్నా. జర సోంచాయించు."

ప్రశ్న న్యాయమైనదే. జవాబు తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కడే. చెబితే ఆయనకు పోయేది సగం ఏడాది బువ్వ.

"సార్, ఎండకాలం వీళ్ల లాన్ ఎండుతది," అన్నాడు మాణిక్యం. "దానికి రంగేసేటందుకు ప్రింటర్ల నేనే సెట్టింగ్ పెట్టిన, తీసుడు మర్సిన. ఆ రంగే ఈ అక్క తోట మీద వడ్డది. కెమెరా కార్డు తెచ్చిన, మీరే చూడుండ్రి."

అధికారి కార్డులోని ఫొటోలను రెండవ కట్టతో పోల్చాడు.

"ఇదంతా రాసిస్తవా?"

"రాసిస్త."

అర పేజీ రాసి సంతకం చేశాడు. రెండవ కట్ట దస్త్రంలో చేరింది. సోమవారం మురుగు కాలువ తనిఖీకి తానే వస్తానని అధికారి ఉత్తర్వు రాశాడు. వంశీ ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

బయట అంతమ్మ అడిగింది: "వాడు ఇగ నిన్ను పిలుస్తడా?"

"పిలవడు."

"ఫికరా?"

"ఉన్నది."

"ఇంట్ల బీరకాయలున్నయి, పంపిస్త. వండుకో," అంది ఆమె. "ఫొటో మాత్రం తియ్యకు."